తిరుపతిలో ‘1966 నాటి స్ట్రాటోకాస్టర్’ కొనబోయేవారికి హెచ్చరిక

తిరుపతిలో ఒక వ్యక్తి 1966 నాటి ఫెండర్ (అమెరికా గిటార్ కంపెనీ) స్ట్రాటోకాస్టర్ అని చెప్పి అమ్ముతున్న ఎలక్ట్రిక్ గిటార్‌కు, విప్పి చూశాక నచ్చకపోతే డబ్బు తిరిగి ఇచ్చేస్తాననే ఆయన మాట మీద, ఇరవై వేల రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. అది ఆ కాలపుది కాదని తేలినా డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు అదే గిటార్‌ను చిత్తూరులో చూపిస్తున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

ఆయన చూపిన ఏకైక ఆధారం నెక్ (తీగలు సాగే పొడవైన మెడ భాగం) బాడీకి బిగించే చోట వెనుక ఉన్న ప్లేటు మీది సీరియల్ నంబరు. 1976 వరకు ఫెండర్ నంబర్లు ఆ ప్లేటు మీదే ఉండేవన్నది నిజమే కాని, నాలుగు స్క్రూలు విప్పితే ఊడివచ్చే ఆ ప్లేటును మరో గిటార్‌కు బిగించడం ఎవరికైనా సాధ్యమే. పైగా ప్లేట్లను వరుసక్రమంలో వాడలేదు కనుక, అసలుదైనా అది సుమారు కాలాన్నే చెబుతుంది.

తీగలు వదులు చేయించి నెక్ తీయించగా, తేదీ ముద్ర ఉండవలసిన హీల్ (నెక్ బాడీలో కూర్చునే చివర) భాగం సాండ్‌పేపరుతో రుద్దేసి ఉంది. పిక్‌గార్డ్ (బాడీ ముందున్న పలక) కింద మూడు పాట్‌ల (శబ్దాన్నీ, టోన్‌నూ మార్చే నాబ్‌ల కింది విద్యుత్ భాగాల) మీదా 3047819 అని ఉంది. మొదటి మూడంకెలు తయారీదారు గుర్తు. 304 అంటే స్టాక్‌పోల్. తరువాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం, అంటే 1978లో 19వ వారం. 1966లో పెద్ద మొత్తంలో కొన్న పాట్‌లను ఫెండర్ తరువాత కొన్నేళ్లు వాడింది కనుక గిటార్ పాట్ కంటే కొత్తది కావచ్చు. పాతది కావాలంటే మాత్రం పాట్‌లు మార్చి ఉండాలి. ‘సర్వీసింగులో మార్చాం’ అన్నారాయన. తీసిన పాతవి ఏవని అడిగితే సమాధానం లేదు. పాట్‌లు ఒక్కటే తేడాగా ఉంటే నమ్మవచ్చు, తేదీ చెరిపిన హీల్‌తో కలిపి చూస్తే నమ్మలేము.

నిజమైన పాత గిటార్ ఉన్నవారు కూడా సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు దయచేసి గమనించండి. పాట్ గరగరమంటే చాలాసార్లు కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే ద్రవం) సరిపోతుంది. మార్చక తప్పకపోతే పాతదాన్ని కేసులోనే భద్రపరచండి, ఎందుకంటే గిటార్ వయసుకు అదే సాక్ష్యం. నైట్రోసెల్యులోజ్ (ఒక రకం లక్కర్) పూత ఉన్న గిటార్‌ను రబ్బరు స్టాండ్ మీద వదిలితే పూత మెత్తబడి మచ్చ పడుతుంది. మన ఎండలకూ నవంబరు వానలకూ నెక్ వంగకుండా, గదిలో తేమ 45–55 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి.

నేను చూసిన గిటార్ సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే) రంగుది, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుకు (నెక్ మీద వేళ్లతో నొక్కే చెక్కకు) నిగనిగలాడేలా వంటనూనె పట్టించారు. ఎవరైనా చూపిస్తే, మీ ఎదుటే నెక్, పిక్‌గార్డ్ రెండూ విప్పించి ఫోటోలు తీసుకున్న తరువాతే డబ్బు మాట ఎత్తండి.