పదిహేనేళ్లు వాడిన 1975 పద్మిని: నా డైరీలో ఉన్న లెక్క

2010లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక టైర్లలో గాలి లేకుండా పడి ఉన్న ప్రీమియర్ పద్మినిని 55 వేలకు కొన్నాను. 1975 బండి, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, 1089 సీసీ పెట్రోలు ఇంజను. పేరు పద్మినే అయినా మా వీధిలో అందరికీ అది ఫియటే. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి 2.75 లక్షలు ఇస్తానన్నాడు. అయిదు రెట్లు! మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను ఖర్చుల డైరీ తీశాను. ఈ పదిహేనేళ్లలో దాని మీద పెట్టింది 4.2 లక్షలు.

2022లో 1955 నాటి బెంజ్ 300 ఎస్ఎల్ఆర్ కూపే (రెండు తలుపుల కారు) ఒకటి వేలంలో 13.5 కోట్ల యూరోలకు పోయింది. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్లు షెడ్డులోని డొక్కు బళ్లకు కూడా రేట్లు పెంచేస్తారు. ఆ కూపేలు ప్రపంచం మొత్తం మీద రెండే ఉన్నాయి. మన ఫియట్లు వేలకు వేలు తయారయ్యాయి. నక్కకీ నాగలోకానికీ పోలికేమిటి? అయితే 2023 అక్టోబరు 30న ముంబైలో చివరి పద్మిని టాక్సీ రోడ్డు దిగాక అడిగేవాళ్లు పెరిగిన మాట నిజం. ఫోన్లు వచ్చాయి. కానీ అడిగే ధర వేరు, బేరం తెగే ధర వేరు. పైగా నలభైల్లో ఉన్నవాళ్లు ఫియట్ కంటే కాంటెస్సా, తొలినాటి మారుతి 800 కోసం ఎక్కువ వెతుకుతున్నారు. చిన్నప్పుడు వాళ్లు కిటికీలోంచి చూసిన బళ్లు అవే మరి.

ఆ హైదరాబాద్ ఆయన పెయింటు మెరుపు చూడలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసి తలుపుల కింది అంచు వెంట మెల్లగా జరిపాడు. వెనక ఎడమ తలుపు దగ్గర అది టప్పున కింద పడింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. 2012లో పెయింటింగ్ వేయించినప్పుడు జరిగిన పని. అదే ఊపులో పాత రెక్సిన్ సీట్లు పీకించి కొత్తవి వేయించాను, నాలుగు వీల్ కప్పులనూ పాత సామాన్ల వాడికి 200కి ఇచ్చేశాను. ఇప్పుడు వాటికే ధర కట్టి బేరంలో తగ్గించాడు. ఒక్క మంచి పని మా మేస్త్రీ వల్ల జరిగింది. డీజిల్ ఇంజను పెట్టించేద్దామని వెళితే, "రోడ్డు మీద పనికొస్తుంది బాబూ, రేపు అమ్మబోతే పనికిరాదు" అని వెనక్కి పంపాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మా వీధి మునిగింది. నీళ్లు సీట్ల దాకా వచ్చి మూడు రోజులు అలాగే నిలిచాయి. పక్కింటి వాళ్ల కొత్త కారుకు ఎలక్ట్రానిక్స్ మొత్తం పోయి ఇక బాగుచేయలేమన్నారు. నాది విప్పితే ఇంజను ఆయిల్ పాలు ఎక్కువైన టీలా కారింది. రెండుసార్లు ఆయిల్ మార్చి, కార్బురేటర్ కడిగి, డిస్ట్రిబ్యూటర్ ఎండలో పెట్టి, పాయింట్లు గరుకు కాగితంతో రుద్దితే పదకొండో రోజున దగ్గి దగ్గి స్టార్టయింది. ఫ్లోరు తుప్పు మాత్రం ఆరు నెలల తర్వాత బయటపడింది. రేకు కోసి వెల్డింగ్ చేయించడానికి 38 వేలు. నాకున్నది థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివాళ్ల నష్టానికే వర్తించేది కాబట్టి పైసా రాలేదు. అయిదేళ్లు దాటిన బండికి విలువ ఎంతో బీమా కంపెనీతో మాట్లాడి ఒప్పుకుని రాయించుకోవచ్చని అప్పుడు తెలిసింది.

నడపడం గురించి చెప్పేది తక్కువే. ఏసీ లేదు, మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు, టెంపరేచర్ ముల్లు మీద కన్ను. ఊళ్లో లీటరుకు 11 కిలోమీటర్లు. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక ఫ్యూయల్ పంపులోని రబ్బరు పొర, డయాఫ్రమ్, రెండుసార్లు మార్చాను. మేస్త్రీ తప్పంతా పెట్రోలుదే అంటాడు, ఆ రబ్బరు కూడా పాతదే అని నా అనుమానం.

2025 నవంబరులో బండికి యాభై నిండాయి. 2021 నిబంధనల ప్రకారం, యాభై దాటిన పాత బళ్లకు ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. మామూలు రెన్యువల్ అయితే, 2025 ఆగస్టులో పెంచాక, అయిదేళ్లకు 10 వేలు. లెక్క ఒకటే. వింటేజ్ అని రాయించుకుంటే కొనేవాళ్లలో గౌరవం పెరుగుతుంది, కానీ ప్రదర్శనకో ర్యాలీకో పెట్రోలుకో రిపేరుకో తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. ఆదివారం మంగళగిరి వెళ్లిరావడానికి కొన్న బండి నాది. 10 వేలే కట్టి వచ్చాను, హైదరాబాద్ ఆయనకు వద్దని చెప్పాను.

వీల్ కప్పులు ఇప్పటికి మూడు దొరికాయి, మూడింటికీ కలిపి 4,500. నాలుగోది ఎవరి షెడ్డులోనైనా కనిపిస్తే చెప్పండి, సొట్ట ఉన్నా పర్వాలేదు.