గుంటూరులో అమెజాన్ నల్లమట్టి కొన్నాను, 380 రూపాయలు

గుంటూరు వాళ్లకి నల్లమట్టి అమ్మడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా కొన్నాను. మేడ మీద పద్దెనిమిది కుండీలున్నాయి, వేసవి వస్తే పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి కనపడవు, ఆ టెన్షన్‌లో ఏది చూపించినా కొనేస్తాం కదా. బ్రాడీపేట వైపు విత్తనాలు, కుండీలు అమ్మే ఒక షాపులో కౌంటర్ పక్కనే పేర్చి పెట్టారు. "అమెజాన్ బ్లాక్ సాయిల్", ఐదు కిలోలు, సంచి మీద రంగుల చిలక బొమ్మ. "రెండు వేల ఏళ్ల నాటి ఫార్ములా సార్, ఒక్కసారి వేస్తే ఇంక ఎరువు మాటే ఎత్తక్కర్లేదు" అన్నాడు కుర్రాడు. ఇంటికి తెస్తే మా ఆవిడ "ఆన్‌లైన్‌లో వచ్చిందా, మరి డబ్బా ఏది?" అంది. అది అడవి పేరే బాబూ అని చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది.

పేపర్ పరిచి సంచి దాని మీద గుమ్మరించాను. సగానికి పైగా కొబ్బరి పొట్టు, కాస్త వర్మీకంపోస్ట్, మిగతాదంతా బొగ్గు, కందిగింజంత ముక్కల నుంచి పొడి దాకా. గాజు గ్లాసులో నీళ్లు పోసి గుప్పెడు వేస్తే పొట్టూ బొగ్గూ పైకి తేలిపోయాయి, అడుగున తేరుకున్న బురద గోరంత మందం కూడా లేదు. మట్టి అన్నది పేరుకే. వేళ్లకంటిన నలుపు మాత్రం రెండుసార్లు సబ్బు పెట్టినా గోళ్ల సందుల్లోంచి పోలేదు.

పోనీ ఆ పేరైనా ఊరికే పెట్టుకున్నది కాదు. బ్రెజిల్‌లో దాన్ని టెర్రా ప్రెటా అంటారు, పోర్చుగీసులో నల్లమట్టి అనే అర్థం. అమెజాన్ అడవి ఎంత పచ్చగా ఉన్నా కింద నేల చాలా చోట్ల నిస్సారం. ఎడతెగని వానలకి సారమంతా కొట్టుకుపోయి ఎర్రగా, పసుపుగా, పులుపెక్కి ఉంటుంది. అలాంటి చోట అక్కడక్కడా నల్లటి మడులు, కొన్నిచోట్ల మనిషి లోతు దాటి కూడా ఉంటాయి. వాటిని తవ్వితే బొగ్గు, కుండపెంకులు, చేప ముళ్లు, ఎముకలు. అంటే వాటంతట అవి పుట్టినవి కావు, యూరప్ వాళ్లు అడుగుపెట్టక ముందే అక్కడి మూలవాసులు ఊళ్లు కట్టుకుని వందల ఏళ్లు బతికిన చోట్లు. 1966లో విమ్ సోంబ్రూక్ అనే డచ్ నేల శాస్త్రవేత్త అమెజాన్ నేలల మీద పుస్తకం రాశాక బయటివాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవడం మొదలైంది. షింగూ నది ఎగువన ఉండే కుయికురో జనం ఇప్పటికీ బూడిద, వంటింటి చెత్త, చేపల వ్యర్థాలు ఇళ్ల వెనక కుప్ప పోసి, నేల నల్లబడ్డాక అక్కడ పంట పెడతారు. వాళ్లు ఇది తెలిసే చేస్తారని 2023లో ఒక పరిశోధన తేల్చింది.

ఇదంతా ఫోన్లో నాన్నకి చెప్తుంటే ఆయన మధ్యలోనే ఆపి "అది పాటిమన్ను కదరా" అన్నాడు. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో ఆయన చిన్నప్పుడు ఎండాకాలం పాటిదిబ్బ తవ్వి బండ్లకెత్తి చేలోకి తోలేవాళ్లట, కుండపెంకులు కాళ్లకి గుచ్చుకునేవట. పాడుబడ్డ పాత ఊరు, బూడిద, పేడ, పెంకులు, లెక్క అదే. (ఇప్పుడు మీరు పలుగు పట్టుకుని వెళ్లకండి, కొన్ని దిబ్బలు పురావస్తు శాఖ కింద ఉన్నాయి.)

సరే, మొక్కల సంగతి. రెండు కుండీల్లో సంచిలోది సంచిలోదే నింపి మిరప నారు పెట్టాను. పదిహేను రోజులకి కింది ఆకులు పసుపు తిరిగి, ఎదుగుదల ఆగిపోయింది. పచ్చి బొగ్గు ముందు తన కడుపు నింపుకుంటుంది, మొక్కకి అందాల్సిన నత్రజనిని అదే పట్టేసుకుంటుంది. నానబెట్టి వాడమని సంచి మీద ఒక్క ముక్క రాయలేదు, నా కోపమంతా దానికే. మిగిలింది జీవామృతంలో (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లలో) పది రోజులు నానేసి, మామూలు కుండీ మట్టి పది పాళ్లకి ఇది ఒక పాలు కలిపాను. ఆ మొక్కలు నిగనిగలాడుతున్నాయి, తడి కూడా సాయంత్రం దాకా నిలుస్తోంది. అందులో బొగ్గు గొప్ప ఎంతో, కొబ్బరి పొట్టు గొప్ప ఎంతో నేను చెప్పలేను.

ఇంకో సంగతి, కుండీల్లో రేగడి మట్టి వాడేవాళ్లు గమనించాలి. బూడిద, బొగ్గు అమెజాన్‌లో అంత పనిచేయడానికి ఒక కారణం అక్కడి నేల పులుపుని అవి విరవడం. మన రేగడిలో ఆ పులుపే లేదు, చాలాచోట్ల సున్నపు గులకరాళ్లతో ముందే క్షారంగా ఉంటుంది. ఇంకా బూడిద పోస్తే ఉన్న క్షారానికి తోడు. కొంచెం కలిపితే మట్టి గుల్లబారుతుంది, అంతవరకే. "ఇంక ఎరువు అక్కర్లేదు" అన్నది మాత్రం ఒట్టి మాట. బొగ్గు వందల ఏళ్లు నిలుస్తుంది నిజమే, కానీ దాని మీద అక్కడి జనం తరాల తరబడి ఇంటి చెత్త పోస్తూనే ఉన్నారు, ఐదు కిలోల సంచిలో అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఐదుకి రెండు స్టార్లు. నానబెట్టాక పనిచేసింది కాబట్టి రెండు, లేకపోతే ఒకటే. మళ్లీ అయితే కొనను. మా సందు చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే పెట్టె అడుగున మిగిలిన బొగ్గు నుసి ఒక సంచెడు ఊరికే ఇచ్చాడు, రాక్షసి బొగ్గు కాదు, కర్రబొగ్గే అని అడిగి మరీ తెచ్చుకున్నాను. మేడ మీద డ్రమ్ములో పేడ నీళ్లలో నానుతోంది, వాసనకి పక్కింటి పిన్నిగారు ఇప్పటికి రెండుసార్లు పైకొచ్చి చూసి వెళ్లారు.