పాత స్ట్రాటా, రీఇష్యూనా? సౌండ్ కోసమే అయితే ఏది మేలు?

స్ట్రాట్ అంటే ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాటోకాస్టర్, రీఇష్యూ అంటే ఆ పాత మోడల్‌నే కంపెనీ మళ్ళీ తయారుచేసినది. ముందే చెప్పేస్తా. కేవలం సౌండ్ కోసమే అయితే మంచి రీఇష్యూ చాలు, మిగిలిన డబ్బు యాంప్ మీద పెట్టుకోండి. పాతది కొనడానికి వేరే కారణాలున్నాయి, వాటిని నేనేం తక్కువ చేయను. కానీ "ఆ సౌండ్ కొత్తవాటిలో రానే రాదు" అనే మాట ఈమధ్య నాకు ఎక్కడం లేదు.

పోయిన చలికాలం మా బావా నేనూ డల్లాస్‌లో పాత గిటార్లు అమ్మే ఓ షాపుకెళ్ళాం. 1962 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఒకటి ఉంది, ముంజేయి ఆనేచోట రంగు మొత్తం పోయి చెక్క బయటపడింది. దాని పక్కనే ఫెండర్ వాళ్ళే 2022లో తెచ్చిన అమెరికన్ వింటేజ్ 2 వరసలోని 1961 మోడల్. ఒకే కేబుల్, ఒకే యాంప్. నేను గోడవైపు తిరిగి కూర్చున్నా, బావ ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తుంటే ఏది పాతదో చెప్పాలి. మొదటి నాలుగుసార్లూ కరెక్ట్‌గా చెప్పి మీసం మెలేశా. పాతది కాస్త మెత్తగా, నోటు చివర్లో గంట మోగి తగ్గినట్టు వినిపిస్తోంది, కొత్తది గరగరలాడుతోంది.

అప్పుడు బావ రెండూ పక్కపక్కన పెట్టి చూసి "ఒరేయ్, ఈ పాతదాని పికప్‌లు బాగా కిందికి దిగి ఉన్నాయిరా" అన్నాడు. పికప్‌లంటే స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని కరెంటుగా మార్చి యాంప్‌కి పంపేవి. షాపతన్ని స్క్రూడ్రైవర్ అడిగి, రీఇష్యూ పికప్‌లు కూడా అంతే దించాడు. పైగా దాని మీద స్ట్రింగ్స్ కొత్తవి, 62 దాని మీదవి ఎప్పుడు వేశారో ఏమో నల్లబడి ఉన్నాయి. స్ట్రింగ్స్ కూడా ఒకే రకం కొత్త సెట్లు వేయించాక మళ్ళీ మొదలుపెడితే ఐదింట్లో మూడు తప్పు చెప్పా. స్ట్రాట్ పికప్‌లోని అయస్కాంతాలు స్ట్రింగ్స్‌కి మరీ దగ్గరైతే స్ట్రింగ్‌ని లాగేస్తాయి, నోటు తిన్నగా నిలబడదు, లావు స్ట్రింగ్స్‌లో అయితే శ్రుతి తప్పినట్టు ఊగుతుంది కూడా. నేను అరవై ఏళ్ళ మహత్యం అనుకున్నదాంట్లో సగం ఒక స్క్రూ, మిగతా సగంలో చాలావరకు తుప్పు.

అలాగని పాతవాటికి పేరు ఊరికే రాలేదు. 1965 జనవరిలో ఫెండర్‌ని అమెరికన్ టీవీ, రేడియో కంపెనీ సీబీఎస్ కొన్నాక కొన్నేళ్ళకి పని నాణ్యత పడిపోయిందన్నది లోకమంతా ఒప్పుకునేదే, అందుకే అంతకుముందువాటిని విడిగా ప్రీ-సీబీఎస్ అని పిలుస్తారు. 70ల్లో కొత్త స్ట్రాట్ కొన్నవాడికి 62ది నిజంగానే మెరుగ్గా అనిపించి ఉంటుంది. పాతదే గొప్ప అనే నమ్మకం ఆ రోజుల్లో బలపడింది. కానీ మనం ఇప్పుడు పోల్చేది 70ల సరుకుతో కాదు కదా. 1982 నుంచి ఫెండర్ తన పాత మోడళ్ళనే మళ్ళీ తయారుచేస్తోంది, ఈ నలభై ఏళ్ళలో వైరు రకం, అయస్కాంతం, నెక్ ఆకారం అన్నీ విప్పి చూసి కొలిచేశారు.

ఫెండర్‌కి పోటీ కంపెనీ గిబ్సన్ చేసే లెస్‌పాల్ గిటార్ దగ్గర కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1957లో దానికి వచ్చిన హంబకర్లని (రెండు చుట్ల పికప్‌లని) పీఏఎఫ్‌లంటారు, అడుగున "పేటెంట్ అప్లైడ్ ఫర్" అనే స్టిక్కర్ ఉండేది కాబట్టి. వీటికి వైరు ఎన్ని చుట్లు పడాలన్నదాంట్లో గట్టి లెక్క ఉండేది కాదు, అయస్కాంతం కూడా ఏ రకం చేతికొస్తే అది. అందుకే వైరు నిరోధం కొలిస్తే ఒకటి ఏడు కిలోఓమ్‌లకి కాస్త పైన చూపిస్తే ఇంకోటి ఎనిమిది దాటుతుంది. అంటే 1959 లెస్‌పాల్‌లు రెండు తెచ్చి పక్కన పెడితే వాటికి వాటికే పోలిక కుదరదు. మరి రీఇష్యూ 59లా లేదు అనేవాళ్ళని నేనడిగేది ఒకటే, ఏ 59లా?

బ్రిటిష్ బ్లూస్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ గిటార్ సంగతే చూడండి. ఆయన 1959 లెస్‌పాల్‌లో రెండు పికప్‌లూ కలిపితే ముక్కుతో పాడినట్టు ఒక వింత సౌండ్ వచ్చేది. అది తర్వాత ఇంకో గిటారిస్ట్ గ్యారీ మూర్ చేతికెళ్ళింది, ఇప్పుడు మెటాలికా బ్యాండ్ గిటారిస్ట్ కిర్క్ హ్యామెట్ దగ్గరుంది. ఆ సౌండ్‌కి కారణం పాత చెక్కా కాదు, పాత పాలిషూ కాదు, నెక్ వైపు పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండటం. తెలిసిన మెకానిక్ ఎవరైనా మీ గిటార్‌కి ఓ గంటలో చేసిపెడతాడు.

లెస్‌పాల్ రీఇష్యూ ఉన్నవాళ్ళు ముందుగా గిటార్ వెనకున్న మూత తీసి వైరింగ్ చూసుకోండి. 50ల్లో టోన్ కెపాసిటర్‌ని వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే తిరిగే భాగం) మధ్య కాలుకి కలిపేవారు, తర్వాతి పద్ధతిలో పికప్ వైరు వచ్చే కాలుకి కలుపుతారు. పాత పద్ధతిలో వాల్యూమ్ తగ్గించినా సౌండ్ మందంగా అయిపోదు, సన్నని మెరుపు మిగులుతుంది. ఒక్క టంకంతో అయ్యే పని. పాట్‌లు కూడా చూడాలి. స్ట్రాట్‌లో అయితే 250 కే (కిలోఓమ్‌లు) అని రాసి ఉన్నది ఇరవై శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 200 నుంచి 300 దాకా. ఆ అంకె పైకెళ్ళేకొద్దీ సౌండ్ పదునెక్కుతుంది. చాలామందికి రీఇష్యూలో "ఏదో తేడా" అనిపించేది ఈ పాట్ వల్లే అని నా అనుమానం. ఇవి చూసుకోకుండా, రంగు ఊడగొట్టి గీతలు గీసిన రెలిక్ గిటార్‌కి అదనంగా డబ్బు పోసి "సౌండ్ తెరుచుకుంది" అనేవాళ్ళకి ఓ దండం.

పాతదాన్ని అచ్చంగా దించడంలో తలనొప్పులూ దిగుతాయి. స్ట్రాట్ పికప్‌లో అయస్కాంతాలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, అప్పట్లో మూడో స్ట్రింగ్‌కి (జి) కూడా వైరు చుట్టి ఉండేది కాబట్టి దాని కిందిది ఎత్తు ఎక్కువ. ఇప్పుడు మనం వేసేది చుట్టు లేని జి, కాబట్టి అదొక్కటి మిగతావాటి మీద అరుస్తుంది. పాతదాంట్లోనూ అంతే, ఆ ఎత్తుల్ని అలాగే ఉంచిన రీఇష్యూలోనూ అంతే. చిరాకేసి ఆ అయస్కాంతాన్ని వేలితో లోపలికి నొక్కకండి, వైరు నేరుగా దానికే చుట్టి ఉంటుంది, తెగిందంటే పికప్ పోయినట్టే. ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళతో నొక్కే పలక) వంపు కూడా ఎక్కువ, యాక్షన్ (పలక నుంచి స్ట్రింగ్స్ ఎత్తు) బాగా కిందికి పెట్టి పైన స్ట్రింగ్‌ని పక్కకి గట్టిగా లాగి పెద్ద బెండ్ చేస్తే నోటు చచ్చిపోతుంది.

పాతది నిజంగా గెలిచేది నెక్ దగ్గర. ఆ 62 దాని ఫ్రెట్‌బోర్డ్ అంచులు ఎన్ని చేతులు రాసుకుని అరిగాయో, సబ్బు ముక్కలా ఉన్నాయి. చెయ్యి తీయబుద్ధి కాలేదు, చేతికి హాయిగా ఉంటే వాయించడమూ మారుతుంది, అది కాదనను. కానీ ట్యాగ్ మీది అంకెకి మంచి కారు వస్తుంది, రీఇష్యూ అందులో పదో వంతు. పాతదే కావాలంటే మళ్ళీ రంగు వేసినవాటి కోసం చూడండి, ఒరిజినల్ రంగు పోతే ధర దాదాపు సగానికి పడుతుంది, సౌండ్ మాత్రం పడదు.

ఇండియాకి తెచ్చుకునే ఆలోచన ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. ఆ కాలం ఫ్రెట్‌బోర్డులు చాలావరకు బ్రెజిలియన్ రోజ్‌వుడ్, 1992 నుంచి అది సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, సరైన పర్మిట్ లేకుండా దేశం దాటిస్తే గిటార్ పోగొట్టుకోవాల్సి రావచ్చు. ఇప్పటివాటిలో ఎక్కువగా వాడేది ఇండియన్ రోజ్‌వుడ్, మన జిట్రేగి. దానికి ఈ బెడద లేదు, 2019లో వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. నేను చివరికి ఆ 1961 మోడలే తీసుకున్నా. పికప్‌లు బావ దించినచోటే ఉన్నాయి.