ఆరేళ్లుగా వెంట తిప్పుకుంటున్న చేతులు లేని కుర్చీ

ఈ ఇనుప మడత కుర్చీని 2019లో 1,850 రూపాయలకు కొన్నాను. రంగులూ కొలతలూ దుకాణంలో చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: దీనికి చేతులు లేవు. 112 కిలోల మనిషికి అదెంత భాగ్యమో సన్నగా ఉన్నవాళ్లకు తెలియదు.

కొనడానికి ముందు ఏడాది మా ఆడపడుచు కొడుకు పెళ్లి జరిగింది. మండపం నిండా చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలే. (తరువాత అటువంటిదాన్ని టేపు పెట్టి కొలిచాను. చేతుల మధ్య 17 అంగుళాలు.) ఎలాగో ఇరుక్కుని కూర్చున్నాను. జీలకర్ర బెల్లం వేళకు బాజాలు జోరందుకున్నాయి. అక్షింతలు వేయడానికి అందరూ లేచారు, నేనూ లేచాను. నాతోపాటు కుర్చీ కూడా లేచింది. కుడి చేతిలో అక్షింతలు పట్టుకుని ఎడమ చేత్తో దాన్ని కిందికి తోస్తుంటే వదలదే! చివరకు వెనక వరుసలోని ఒక పెద్దావిడ దాన్ని రెండు చేతులా పట్టి లాగారు. ఆ పెనుగులాటలో నా అక్షింతలన్నీ నా కొంగులోనే రాలాయి.

అప్పటినుంచి పేరంటాల్లో ఎవరైనా “కూర్చోండి వదినా” అంటే “ఇప్పటిదాకా కూర్చునే వచ్చాను” అనడం అలవాటయింది. కుర్చీ కనబడగానే కాళ్ల మొదళ్లలో తెల్లటి గీతలున్నాయేమో చూస్తాను. ఎండలో మగ్గిన ప్లాస్టిక్ చాలాసార్లు విరిగే ముందు అలా తెల్లబారుతుంది. నున్నటి గ్రానైటు నేలమీదైతే కాళ్లు పక్కలకు జారిపోతాయి. రెండు కుర్చీలు ఒకదానిలో ఒకటి వేసి ఇస్తే గట్టిగానే ఉంటుంది. కానీ ఆ రెండోదాన్ని తెమ్మని పందిరంతా వినబడేలా కేక పెడతారు.

అందుకే ఈ కుర్చీ వచ్చిన కొత్తలో ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనమన్నాను. (2020లో పెళ్లిళ్లు లేక అదీ నేనూ ఇంట్లోనే ఉన్నాం, కాబట్టి అసలు పరీక్ష ఆలస్యంగా జరిగింది.)

ఆ పరీక్ష కార్తిక వనభోజనాల్లో ఎదురైంది. ముందురోజు రాత్రంతా వాన, తోటలో నేల ఇంకా మెత్తగా ఉంది. విస్తరిలో పులిహోర పెట్టించుకుని దర్జాగా నా కుర్చీలో కూర్చున్నాను. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, వెనక కాళ్లు దిగబడసాగాయి. ఒక్కసారిగా పడిపోతే ఆ సంగతి అక్కడితో తీరిపోయేది. ఇది అలా కాదు. మొదట ఎదుటివాళ్ల ముఖాలు కనిపించాయి, కాసేపటికి ఉసిరి కొమ్మలు, ఆ తరువాత ఆకాశం. లేద్దామంటే పట్టుకోవడానికి కుర్చీకి చేతులు లేవు! మా తోడికోడలి కొడుకు పరుగెత్తుకొచ్చి “పెద్దమ్మా, కదలకు” అని ముందు విస్తరి అందుకున్నాడు, తరువాత నన్ను. కుర్చీ కాళ్ల రబ్బరు బుష్‌లు రెండు బురదలోనే ఉండిపోయాయి. కొత్తవి వేయించేలోగా మా చెల్లెలి ఇంట్లో తెల్లటి టైల్సు మీద తుప్పు మరకలు కూడా పడ్డాయి.

ఇప్పుడు డిక్కీలో కుర్చీతోపాటు రెండు చెక్కపలకలు కూడా ఉంటాయి. ఒక రివెటు వదులైతే వెల్డింగు అతను బోల్టు బిగించాడు. కూర్చున్నప్పుడు కిర్రుమంటుంది గాని అది నాకు అలవాటైపోయింది. అలవాటు కానిది మోకాళ్ల నొప్పి. రెండేళ్లుగా ఏదో ఒకటి పట్టుకుంటే గాని లేవలేకపోతున్నాను, అందుకని ఇంట్లోకి వడ్రంగి చేత 24 అంగుళాల వెడల్పున చేతుల కుర్చీనే చేయించుకున్నాను.

కాబట్టి కళ్లు మూసుకుని కొనమని ఇప్పుడు అనను. మోకాళ్లు బాగుండి, కారు ఉండి, “సొంత కుర్చీ తెచ్చుకుందే” అన్న మాట మొదటి రెండు మూడుసార్లు ఓర్చుకోగలిగితే కొనవచ్చు. బస్సుల్లో తిరిగేవాళ్లు దీన్ని మోయలేరు. నాకైతే మా ఆయన అడగకుండానే డిక్కీలో పెడతారు, పందిట్లో చివరి వరుసలో వేసి వస్తారు. ఆ పని నేనే చేసుకోవలసి వస్తే ఇన్నేళ్లు వాడేదాన్ని కాదేమో.