ది అవుట్‌సైడర్స్: ఇంటర్ పిల్లల చేతిలో పెట్టాల్సిన నవల

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. సిలబస్ కాకుండా ఏం చదవాలని అడిగితే ముందు ఎస్.ఇ. హింటన్ రాసిన ఈ నవల పేరే చెప్తాను. అమెరికాలోని టల్సాలో డబ్బున్న కుర్రాళ్లకూ లేనివాళ్లకూ మధ్య గొడవలు ఇందులో కథ. చెప్పేది 14 ఏళ్ల పోనీబాయ్. అమ్మానాన్న కారు ప్రమాదంలో పోయారు. పెద్దన్న డారీ కాలేజీ ఆశ వదులుకుని, ఇళ్ల పైకప్పులు వేసే పనికి పోతూ తమ్ముళ్లను సాకుతుంటాడు.

రాత్రి లేటుగా వచ్చిన పోనీబాయ్‌ని డారీ టెన్షన్‌లో చెంప మీద కొడతాడు. అన్నకు నేనంటే ఇష్టం లేదనుకుని వాడు ఇల్లు వదిలి పరుగెడతాడు. తర్వాత ఆస్పత్రిలో డారీ ఏడుస్తుంటే చూశాక గానీ ఆ కోపమంతా భయమని అర్థం కాదు. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే మా పిల్లల్లో, అన్న పనికి పోతే చదువుకుంటున్నవాళ్లున్నారు. వాళ్లు ఈ పేజీల దగ్గరే ఆగిపోతారు.

1967లో అచ్చయ్యేనాటికి హింటన్ వయసు 18. కొట్లాటలు, సిగరెట్లు, తాగుడు ఉన్నాయని కొన్ని స్కూళ్లు నిషేధిస్తే, ఎన్నో స్కూళ్లు పాఠంగా పెట్టుకున్నాయి. కాలిఫోర్నియాలో ఒక స్కూలు పిల్లలు సంతకాలు పెట్టి ఉత్తరం పంపితే దర్శకుడు కొప్పొలా 1983లో సినిమా తీశాడు! నవల చివర్లో వెంటవెంటనే వచ్చే చావులు కొంచెం ఎక్కువనిపించాయి. ఇంగ్లిష్ మాత్రం చాలా సులువు, డిక్షనరీ పక్కన పెట్టుకోకుండానే చదివేయొచ్చు.