ఎగుమతి పసుపుకు గ్యాసా, గామానా, ఆవిరా: ఏది మేలు?

మహారాష్ట్రలోని నాందేడ్, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు పసుపు ఆడించి బయటి దేశాలకు పంపాలనుకునే మనవాళ్ళు ముందు ధర లెక్క వేస్తారు. దానికన్నా ముందు సాల్మొనెల్లాను (కడుపు జబ్బు తెచ్చే క్రిమిని) ఏ పద్ధతిలో చంపాలో తేల్చుకోవాలి. ఒకే పసుపును ఆ పద్ధతిని బట్టి ఒక దేశం దింపుకుంటుంది, ఇంకో దేశం రేవులోనే ఆపేస్తుంది.

గ్యాస్ అంటే ఇథిలీన్ ఆక్సైడ్. మూసిన గదిలో బస్తాలు బస్తాలుగానే పని అయిపోతుంది, పొడికీ పనికొస్తుంది. ఎండు మసాలాల్లో ఇది కిలోకు 7 మి.గ్రా. వరకు ఉన్నా అమెరికా ఒప్పుకుంటుంది. యూరప్‌లో మాత్రం ఆహారానికి ఈ గ్యాస్ పట్టడమే నిషిద్ధం; పసుపులో హద్దు 0.1 మి.గ్రా. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నాలుగు రోజులు గాలికి పెడితే పోతుందిలే అనుకుంటారు. గ్యాస్ పోతుంది, నిజమే. కానీ అందులో కొంత పసుపులోని క్లోరైడ్‌తో కలిసి 2-క్లోరోఇథనాల్‌గా మారి సరుకులోనే ఉండిపోతుంది. యూరప్ ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తుంది. అమెరికా 2-క్లోరోఇథనాల్‌ను విడిగా చూసి 940 మి.గ్రా. వరకు అనుమతిస్తుంది. అందుకే అమెరికా ఆర్డరు తప్పిపోయిందని ఆ లాట్‌ను జర్మనీకి మళ్ళిస్తే గట్టెక్కదు. పైగా అదే మిల్లులో, అదే జల్లెడలో తర్వాత ఆడించిన మంచి పసుపుకూ అది అంటుకునే ప్రమాదం ఉంది. 2024లో సింగపూర్, హాంకాంగ్ మన మసాలాలను వెనక్కి రప్పించాక, ఆ రెండు చోట్లకు పోయే సరుకుకు స్పైసెస్ బోర్డు (మసాలా ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఇథిలీన్ ఆక్సైడ్ పరీక్షను తప్పనిసరి చేసింది.

గామా కిరణాల గొప్పతనం, సీలు వేసిన ప్యాకెట్ విప్పకుండానే పని కావడం. మళ్ళీ క్రిములు చేరవు. మోతాదు యూరప్‌లో 10 కిలోగ్రేలు (కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం) దాటకూడదు, అమెరికాలో 30. అయితే యూరప్‌కు పంపాలంటే ఆ ప్లాంటు వాళ్ళ ఆమోదిత జాబితాలో ఉండాలి, లేబుల్ మీద ఆ మాట రాయాలి. అది చూసి వద్దనే కొనుగోలుదారులు ఉంటారు. సేంద్రియ పసుపుకు గామా, గ్యాస్ రెండూ పనికిరావు.

మా ఓటు ఆవిరికే. ఖర్చు ఎక్కువే, కొంచెం తైలం పోతుంది, రంగు ఒక ఛాయ తగ్గుతుంది. కానీ అవశేషమంటూ ఏమీ మిగలదు, లేబుల్ గొడవ లేదు, సేంద్రియానికీ చెల్లుతుంది, ఒకే లాట్ ఏ దేశానికైనా మళ్ళుతుంది. ఒక్క జాగ్రత్త: ఆవిరి కొమ్ములకు పట్టాలి, పొడికి కాదు. పొడికి పడితే గడ్డకడుతుంది, లోపలిదాకా వేడి చేరదు. పట్టిన వెంటనే తేమ 10 శాతం లోపుకు దించి, చల్లారాక ఆడించాలి. ఆవిరి గది దాటాక ఆవిరి పట్టని కొమ్ముల గోనెలు, పారలు, చీపుర్లు అటు పోకూడదు. పోతే పట్టిన ఆవిరి దండగ.

ఈ మూడింటిలో ఏదీ సీసాన్ని గానీ అఫ్లాటాక్సిన్‌ను (బూజు వదిలే విషాన్ని) గానీ తీసెయ్యలేదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పసుపులో కిలోకు 10 మి.గ్రా. సీసం దాకా ఒప్పుకుంటే, యూరప్ హద్దు 1.5. ఇక్కడ పాసైన కొమ్ము యూరప్ రేవు రోటర్‌డామ్‌లో ఫెయిలయ్యేది అందుకే. పాలిష్ డ్రమ్ములో మెరుపు కోసం చల్లే పసుప్పచ్చ రంగు లెడ్ క్రోమేట్ (సీసం కలిసిన రంగు) అయితే ఇక ఆ లాట్‌కు మందు లేదు. కాబట్టి పాలిష్ పట్టని కొమ్మునే కొని, పాలిష్ మీ కళ్ళముందు పట్టించండి. అఫ్లాటాక్సిన్‌కు యూరప్ హద్దు బి1 కిలోకు 5, మొత్తం 10 మైక్రోగ్రాములు. ఉడికించిన కొమ్ము సరిగా ఎండకపోయినా, మబ్బు పట్టినప్పుడు కుప్పగా పోసి ఉంచినా బూజు పుట్టేది అప్పుడే. కళ్ళంలో పరదా పరిచి, పలచగా ఆరబోసే రైతుకు కాస్త ఎక్కువ ధర ఇచ్చినా నష్టం లేదు.

నమూనా రెండుసార్లు తీయించండి. సీసం, అఫ్లాటాక్సిన్‌లకు కొమ్ము కొనగానే. సాల్మొనెల్లా, ఇథిలీన్ ఆక్సైడ్‌లకు పొడి ఆడించాక. ప్రతిసారీ చాలా బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి కలపాలి. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనూ, ముంబయిలోనూ ఉంది.