ఒంగోలు ఆవుకి ఒక్క పిండం చాలు, పందికి నాలుగన్నా ఉండాల

మా కందుకూరు సైడు ఒంగోలు ఆవుని కట్టించినాక 21 రోజులకి మళ్లీ ఎదకొస్తదేమోనని చూస్తా ఉంటాం, పందికీ అదే 21 లెక్క, కానీ లోపల కథ వేరే. ఆవులో ఒక్క పిండమే 16వ రోజు అటూ ఇటూ ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ని కబురుగా వదిలి, కార్పస్ లూటియంని (చూలు నిలబెట్టే హార్మోన్ వదిలే, అండాశయంలోని గడ్డ) కరిగించే ప్రోస్టాగ్లాండిన్ (గర్భసంచి తయారుచేసే రసాయనం) దెబ్బని ఆపేస్తది, ఆ గడ్డ కరిగితే మళ్లీ ఎదే. పంది పిండాలు అట్ట కాదు, 11, 12 రోజులకి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వదుల్తాయి, ప్రోస్టాగ్లాండిన్ తయారవతానే ఉంటది గానీ రక్తంలోకి పోకుండా గర్భసంచి లోపలికే మళ్లుద్ది, కాలవకి కట్టెయ్యకుండా నీళ్లని పక్క చేలోకి తిప్పినట్టు. అదే టయానికి సెంటీమీటరు గుండ్రటి పంది పిండం కాస్తా గంటల్లోనే దారంలా సాగుద్ది, నాకైతే ఇదే వింత. పందికి పిండాలు ఒకటీ రెండూ ఉంటే మామూలుగా కుదరదు, గర్భసంచి కొమ్ములు (దాని రెండు పాయలు) రెండూ అంత పొడుగు మరి, కబురు రెండిట్లోనూ అందాల, నాలుగన్నా లేకపోతే మళ్లీ ఎదకే.